మునుస్వామి మేస్త్రీకి వచ్చిన మర్యాద డబ్బాలు

1995లో నన్ను వేలూరులో ఒక పెద్ద ఆసుపత్రి మధుమేహ విభాగంలో డైటీషియన్‌గా వేశారు. పెద్ద ఆసుపత్రి అని మాటవరసకు అనడం లేదు. ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకు స్ట్రెచర్ మీద తోసుకుపోయేలోపు కొందరికి జబ్బు దానంతటదే నయమైపోయేది. అందులో నా హోదా రెండో తరగతి డైటీషియన్. నా పైన చీఫ్ డైటీషియన్, ఆవిడ పైన డాక్టర్లు, వాళ్ల పైన పెద్ద డాక్టరు, ఆయన పైన దేవుడు. రౌండ్స్ టైములో దేవుడు కూడా ఆయనకు అడ్డం వచ్చేవాడు కాదు. ఇక నా కింద ఎవరున్నారంటే, వంటశాలలో ఇడ్లీ పాత్ర.

నన్ను అక్కడ వేయడానికి కారణం నా ప్రతిభ అని మా అమ్మ నమ్మింది. అసలు కారణం తెలుగు. ఆ విభాగంలో తమిళం వచ్చినవాళ్లూ మలయాళం వచ్చినవాళ్లూ కావలసినంత మంది. రోగుల్లో మాత్రం చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు కాక, ఆ జిల్లాలోనే తరతరాలుగా ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లు బోలెడంత మంది ఉండేవారు. వాళ్లకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. తమిళ అక్షరం వస్తుంది గానీ, మా చీఫ్ అచ్చు వేయించిన కరపత్రంలోని తమిళం తమిళులకే వచ్చేది కాదు. కాబట్టి కాగితం కాక, నోరున్న మనిషి కావలసి వచ్చింది. ఆ విషయంలో నా అర్హతను ఇవ్వాళ్టికీ ఎవరూ శంకించలేదు.

డైటీషియన్ అంటే క్యారెట్ కోసే మనిషి అని చాలామంది అనుకుంటారు. మా అసలు పనిముట్టు ఆహార చరిత్ర. నిన్న నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా నోట్లోకి ఏమేం పోయాయో రోగి చేత చెప్పించి, దాన్ని బట్టి ఏది తగ్గించాలో, ఏది మార్చాలో లెక్క కడతాం. డాక్టర్లు ఇన్సులిన్ మోతాదు వేసేటప్పుడు దీన్నీ చూస్తారు. చిక్కేమిటంటే, రోగులు అన్నాన్ని సగం చేసి, కూరల్ని రెట్టింపు చేసి, మైసూరుపాకును పూర్తిగా మరిచిపోయి చెబుతారు. మాది సగం వైద్యం, సగం పోలీసు ఉద్యోగం.

మునుస్వామి మేస్త్రీ ఆ పోలీసు ఉద్యోగానికి సవాలుగా వచ్చాడు. ఆయనది గుడియాత్తం. ఆ ఊళ్లో సగం మిద్దెలు ఆయన కట్టినవే. మిగతా సగం ఆయన చేతి మీదుగా లేవనందుకు సిగ్గుపడి ఒక పక్కకు వంగి ఉంటాయని ఆయన జట్టు చెప్పేది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. గోడ నిటారుగా లేచిందో లేదో చూసే తూకం గుండు ఆయనకు కనబడేది గానీ, దాని దారం కనబడడం మానేసింది. దారం లేకుండా గాల్లో తేలే గుండును చూసి గోడ కట్టే మనిషిని ఎవరు పనికి పెట్టుకుంటారు? సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో ఒక కల్యాణ మండపం గోడల పని మొదలు కాబోతోంది. ఆలోగా కళ్లు బాగుపడకపోతే పని జట్టులో రెండోవాడైన ఏళుమలై చేతికి పోతుంది, దానితో పాటే మేస్త్రీ అన్న మాటా పోతుంది. ఏళుమలై అప్పటికే టేపు జేబులో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడని మేస్త్రీ భార్య కన్నియమ్మ నాకు చెప్పి ముక్కు చీదింది.

షుగరు అదుపులో లేకపోతే గాయం మానదు, చీము పట్టవచ్చు. అందుకని కంటి విభాగం వాళ్లు అదుపులోకి తెచ్చి పంపమని మాకు రాసేవారు. మేస్త్రీ వార్డులో చేరితే షుగరు బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని దిగి వచ్చేది. కంటి ఆపరేషన్‌కు తారీఖు ఇచ్చి ఇంటికి పంపితే, తిరిగి వచ్చేసరికి సగం కట్టిన మిద్దెలా పైకి లేచి ఉండేది. ఆపరేషన్ వాయిదా. ఇన్సులిన్ మోతాదు పెంపు. మళ్లీ ఇంటికి, మళ్లీ పైకి, మళ్లీ వాయిదా. పెద్ద డాక్టరు సారాయిని అనుమానించాడు. చిన్న డాక్టరు బెల్లాన్ని అనుమానించాడు. కంటి విభాగం మమ్మల్ని అనుమానించింది.

నేను ఆహార చరిత్రకు కూర్చున్నాను.

"పొద్దున ఏం తింటారు మేస్త్రీ?"

"సంగటిమ్మా. ఇంత." పిడికిలి చూపించాడు.

"మధ్యాహ్నం?"

"చారెడన్నం, ఆకుకూర. వేరే యేం ల్యా."

"నడుమ నడుమ ఏమైనా..."

"మురుగన్ మింద ఆన. పచ్చి నీళ్లు గూడా ఈమెనడిగే తాగతాను."

కన్నియమ్మ తల ఊపింది. అబద్ధం చెప్పే రోగి పైకప్పు వైపు చూస్తాడని మా అనుభవం. మేస్త్రీ కూడా పైకప్పునే చూశాడు కానీ, "ఈ పూత పని ఎవురు జేసినారమ్మా, ఇట్ల బొబ్బలెక్కినట్టుండాదే?" అని అడగడానికి. మనిషి నిజమే చెబుతున్నాడు. అదే నన్ను భయపెట్టింది.

అప్పట్లో ఇంటికి వెళ్లి చూసి రావడమనే పద్ధతి మా విభాగంలో కొత్త. చీఫ్ అనుమతి, పెద్ద డాక్టరు సంతకం కావాలి. వేలి చుక్కతో షుగరు చూసే గ్లూకోమీటరు అప్పుడప్పుడే విదేశాల నుంచి వచ్చింది. దాన్ని స్టోరు నుంచి ఇప్పించుకోవడం కంటే కోహినూరు వజ్రాన్ని ఇప్పించుకోవడం సులువు. ఒడిలో పెట్టుకుని, బస్సులో పక్కామె మోచెయ్యి తగలకుండా, పురిటిబిడ్డను తెచ్చినట్టు గుడియాత్తం తెచ్చాను.

మేస్త్రీ ఇంట్లో అడుగు పెట్టగానే నడవ గోడ చూసి ఆగిపోయాను. గోడకు ముందు ఇంకో గోడ ఉంది. అట్టపెట్టెల గోడ. మొక్కజొన్న రేకులు, గోధుమ రేకులు, తేనె పూసినవి, చాక్లెట్ ఉండలు, వాటి మీద చాక్లెట్ల మాదిరి పొడుగాటి బార్లు. మేస్త్రీ కదా, ఊరికే పేర్చలేదు. ఇటుక మీద ఇటుక అతుకు కలవకుండా, వరస తప్పించి కట్టాడు. సున్నం కొడితే అద్దెకివ్వచ్చు.

ఢిల్లీలో దేశం తలుపులు తెరిచారని పేపర్లు రాసేవి. గుడియాత్తం బజారులో తెరుచుకున్నది కన్నియమ్మ తమ్ముడు దామోదరం మందుల కొట్టు అద్దాల బీరువా. ఆ పెట్టెలను అతను బిస్కెట్ల పక్కన పెట్టలేదు, టానిక్కుల పక్కన పెట్టాడు. పెట్టె మీద ఇనుము, విటమిన్లు అని ఇంగ్లీషులో రాసి, పండ్లన్నీ బయటపెట్టి నవ్వే సన్నటి కుటుంబం బొమ్మ వేసి ఉండేది. మందుల కొట్లో అమ్మేది, సన్నటివాళ్లు తినేది. ఇక షుగరు మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

"ఇవన్నీ ఎవరు తింటారు?" అని అడిగాను.

"నేనే," అన్నాడు మేస్త్రీ, ఎండ కాస్తోంది అన్నంత మామూలుగా.

"మరి ఆసుపత్రిలో చెప్పలేదే!"

ఆయన నిజంగా నొచ్చుకున్నాడు. "నువ్వు తిండి గదమ్మా అడిగితివి? ఇది తిండి గాదు, మర్యాద."

అప్పుడు బోధపడింది. ఒంట్లో బాగాలేని మనిషిని చూడడానికి ఎవరూ ఉత్తచేతులతో పోరు. మునుపు బన్నూ, రొట్టే, ఆపిల్ పళ్లూ తెచ్చేవారు. కాలం మారింది కాబట్టి పెట్టెలు తెస్తున్నారు. తెచ్చినదాన్ని తెచ్చినవాళ్ల ఎదురుగా తినాలి. తినకపోతే తెచ్చినవాళ్ల చెయ్యి మంచిది కాదన్నట్టు. ఒకరిది తిని ఇంకొకరిది పక్కన పెడితే ఆ ఇంటితో రాకపోకలు తెగినట్టే. మేస్త్రీ దగ్గర పని నేర్చినవాళ్లు, ఆయన చేత ఇల్లు కట్టించుకున్నవాళ్లు, కట్టించుకోబోయేవాళ్లు, అరక్కోణం నుంచి వియ్యంకులు, కనియంబాడి నుంచి రైతులు, అందరూ చూడడానికి వస్తున్నారు. ఆపరేషన్ వాయిదా పడిన ప్రతిసారీ పాపం అని ఇంకా ఎక్కువ మంది వస్తున్నారు. ఊళ్లో ఆయన పరపతి పెరిగే కొద్దీ రక్తంలో చక్కెర పెరుగుతోంది. ఎవరూ పట్టించుకోని మేస్త్రీ అయ్యుంటే ఈపాటికి రెండు కళ్లూ బాగుపడేవి.

తినే పద్ధతి ఇంకా ఘనం. పెట్టె మీద చల్లటి పాల బొమ్మ ఉంది. రోగికి చల్లటి పాలిస్తే జలుబు చేస్తుందని కన్నియమ్మ మరిగే పాలు పోసేది. రేకులు కన్ను మూసి తెరిచేలోగా గంజి అయ్యేవి. చప్పగా ఉంటే వచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని రెండు చెంచాల చక్కెర. గిన్నెడు అని పెట్టె మీద రాస్తే, ఆ ఇంట్లో గిన్నె అంటే సిమెంటు కలిపే తట్టకు చెల్లెలు.

చదివేవాళ్ల కోసం ఇక్కడ కొంచెం వృత్తి మాట చెప్పాలి. ఆ రేకుల్లో విషమేమీ లేదు. గింజను ఉడికించి, అణిచి, కాల్చి చేస్తారు. అంటే మన పేగులు చేయవలసిన పనిలో చాలా భాగం ఫ్యాక్టరీయే చేసి పంపుతుంది. పేగుకు మిగిలేది సంతకం పెట్టడమే. పిండి గబగబా గ్లూకోజుగా మారి రక్తంలోకి దూకుతుంది. పైన తేనె పూతో, చాక్లెట్ పూతో ఉంటే అది వేరే. బార్లలో ఓట్స్, గింజలు ఉన్న మాట నిజమే కానీ, వాటిని పట్టి ఉంచేది పాకం. సిమెంటు లేకుండా ఇటుకలు ఎలా నిలవవో, పాకం లేకుండా బారూ అలాగే నిలవదని చెబితే మేస్త్రీ వెంటనే గ్రహించాడు. అన్ని పెట్టెలూ ఒకటి కావు. పొట్టు తీయని గింజతో, చక్కెర లేకుండా చేసినవాటిని కొలుచుకుని, సంగటికి బదులుగా తింటే కొందరికి సరిపోవచ్చు. బదులుగా అన్నది అసలు మాట. గుడియాత్తంలో ఏదీ దేనికీ బదులు కాదు. అన్నీ అదనమే.

ఇదంతా చెబుతుండగానే పొన్నై నుంచి మేస్త్రీ అక్క చెంగమ్మ దిగింది. వయసు డెబ్బై, గొంతు పాతిక. చెప్పులు విడవకముందే సంచిలోంచి బారు తీసి, చింపి, తమ్ముడి నోటి దగ్గర పెట్టింది.

"అమ్మా, ఆగండి, ఆగండి. అది ఆయనకు మంచిది కాదు," అన్నాను.

"ఎవురబ్బా యీమె?"

"డయట్ అమ్మక్కా, ఆసుపత్రి నుంచి," అంది కన్నియమ్మ గొణుగుతూ.

"తల్లి లేనోన్ని ఎత్తుకోని పెంచినాను. నా తమ్మునికి నేను విషం తెచ్చినానా?"

ఆసుపత్రి వాళ్లం కాబట్టి శాస్త్రాన్ని నమ్ముకున్నాను. మేస్త్రీ వేలు పొడిచి మీటరు చూపించాను. పొద్దున్నే వచ్చిపోయిన వాళ్ల మర్యాద వల్ల అంకె అప్పటికే మూడు వందలు దాటి ఉంది. వీధి వీధంతా తిన్నె మీదికి ఎగబడింది. ఆ అంకె చూసి ఒకాయన లాటరీ టిక్కెట్టు కొనాలన్నాడు. చెంగమ్మ మీటరును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఫారిన్ మిషనుగదా, మన ఒళ్లు దానికెట్ల తెలుస్తాది?" అని తేల్చింది. తేల్చి, తమ్ముడు తినేదాకా ఈ ఇంట్లో నీళ్లు కూడా ముట్టనని తిన్నె మీద గోడకు ముఖం పెట్టుకుని కూర్చుంది. మేస్త్రీ బారు వైపు చెయ్యి చాచాడు. ఆయన దృష్టిలో కళ్లు పోతే పని పోతుంది. అక్క పోతే మనిషే పోతాడు.

వాదనతో లాభం లేదని తేలిపోయింది. మర్యాదను కాదనే మందు మా ఫార్మసీలో లేదు. చివరికి ఆయన్ని ఒక ప్రశ్న అడిగాను. ఎవరేం తెచ్చిపెట్టినా మీరు తినకుండా ఉండి, ఎవరూ నొచ్చుకోని రోజు ఏదైనా ఉందా?

మేస్త్రీ పైకప్పు వైపు వేలు చూపించాడు. "మోల్డు నాడు," అన్నాడు.

మోల్డు అంటే మిద్దె పైకప్పుకు కాంక్రీటు పోయడం. కలపడం మొదలైతే మధ్యలో ఆపకూడదు. ఆపితే అతుకు పడి, వానాకాలంలో కారుతుంది. అందుకని ఆ జట్టులో ఒక కట్టుబాటు. ఆఖరి తట్ట పోసి చదును చేసేదాకా మేస్త్రీ తినడానికి కూర్చోడు. మంచినీళ్లు తాగితే తాగుతాడు. ఆయనకు తినడానికి ఇవ్వబోయేవాడు పని తెలియనివాడి కింద లెక్క. ఆ రోజు వచ్చిన తిండి ఏదైనా కూలివాళ్లకు పోతుంది. గడప మీద తడి తాపీ అడ్డంగా పెడితే లోపల మోల్డు జరుగుతోందని గుర్తు.

కన్నియమ్మ లోపలికి వెళ్లి, తాపీ నీళ్లలో ముంచి తెచ్చి గడప మీద పెట్టింది.

చెంగమ్మ గోడ వైపు నుంచి ముఖం తిప్పింది. ఆమె మొగుడూ మేస్త్రీయే. తాపీని చూసింది, తమ్ముణ్ని చూసింది. "ఎన్నాళ్లకి రా మోల్డు?"

"కన్ను కోసేదాకా అక్కా. ఇంటి సంగటి యాళకి తింటాను, బయట్నించి వచ్చిందే ముట్టను."

"సరి సరి. మోల్డేసే మనిషి నోట్లో పెట్టి ఆ పాపం నేనేల కట్టుకోవాల?" బారును సంచిలో పడేసింది. "అయితే నాకేం పని ఈడ?"

ఆమెకు పని దొరికింది, అదీ అన్నిటికన్నా పెద్దది. పెట్టెలు ఎక్కించిన షుగరు కోసం డాక్టర్లు ఇన్సులిన్ పెంచుకుంటూ పోయారు. ఇప్పుడు పెట్టెలు ఆగి, సూది అలాగే ఉంటే, షుగరు ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. మోతాదు తగ్గించే అధికారం డైటీషియన్‌కు లేదు. సాయంత్రం సూదికి ముందే పెద్ద డాక్టరు నోటి నుంచి ఆ మాట రావాలి. పసుపుపచ్చ బోర్డున్న ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తాను. అక్కడ దుబాయిలోని మొగుడితో ఒకామె మేనత్తలందరి క్షేమం చెబుతోంది. మేనత్తలు అయిపోయాక నాకు లైను దొరికింది. పెద్ద డాక్టరు అంతా విని, ఇంటికి పోయి చూడమన్నాను గానీ కనిపెట్టమని ఎవరు చెప్పారని అడిగారు. తర్వాత మోతాదు గణనీయంగా తగ్గించి చెప్పారు, నేను తిరిగి చదివి వినిపించాను. ఫోనులో మోతాదు తీసుకునేటప్పుడు తిరిగి చదవడం నియమం.

వెనక్కి వచ్చి చెంగమ్మకు చెప్పాను. తమ్ముడికి చెమటలు పట్టి, వణుకు వచ్చి, మాట తడబడితే వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి, తేరుకున్నాక ఏదైనా తినిపించి ఆసుపత్రికి తేవాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా బండి ఎక్కించాలి. ఆ హక్కు ఈ ఇంట్లో మీ ఒక్కరిదే. మోల్డు నాడు కూడా.

ఆమె చీర కొంగున చక్కెర మూట కట్టుకుని పొన్నైకి తిరిగి పోవడం మానేసింది. గంటకోసారి తమ్ముడి ముఖం మీదికి వంగి, ఎంతో ఆశగా, "ఏమప్పా, వణుకుతాండావా?" అని అడిగేది. "ల్యాదక్కా," అంటే చప్పబడిపోయేది.

చూడడానికి వచ్చినవాళ్లు గడప మీద తాపీ చూసి పెట్టెలు బయటే దించేవారు. అవి మండపం పునాది దగ్గర తవ్వే జట్టుకు చేరేవి. వాళ్లు రెండు రోజులు ఎగబడి తిన్నారు. మూడోనాడు ఏళుమలై వచ్చి మొరపెట్టుకున్నాడు.

"వేణాంమ్మా ఇది, వద్దు. తినేటప్పుడు కడుపు నిండినట్టే ఉంటాది. రెండు గుంతలు తవ్వేసరికి యాడికి పోయిందో తెలీదు. గాలి తిన్నట్టుండాది. మావోళ్లు పారలు కింద పెట్టేసి సంగటి అడగతాండారు."

గబగబా అరిగే పిండి గురించి మా చీఫ్ ఏటా ఇచ్చే ఉపన్యాసం మొత్తం ఆ నాలుగు మాటల్లో వచ్చేసింది, స్లైడ్లు లేకుండా.

తర్వాతి పరీక్షలకు మేస్త్రీ వచ్చినప్పుడు, పరగడుపు షుగరూ, తిన్న రెండు గంటలకు చూసేదీ రెండూ కంటి విభాగం అడిగిన హద్దుల్లోనే ఉన్నాయి. వాళ్లు నమ్మక ఇంకోసారి తీయించారు. ఆపరేషన్ అయింది, ముందు ఒక కన్నుకు, కొంతకాలానికి రెండోదానికి. ఆ నడుమ తాపీ గడప దిగలేదు. తై నెలలో మందపు కళ్లద్దాలతో మండపం దగ్గర నిలబడి మొదటి గోడకు తూకం గుండు వదిలి, దారం చూసి, ఏళుమలైని అందరి ముందూ తిట్టాడట. గోడ రవ్వంత బయటికి పోయిందట. తిట్లు తిన్నవాడే వచ్చి సంతోషంగా చెప్పాడు.

ఈ ఉదంతం మీద నేను విభాగం సమావేశంలో మాట్లాడితే, ఇంటి గడపలు మన పరిధిలోకి రావని చీఫ్ అన్నారు. నేను మాత్రం పదవీ విరమణ చేసేదాకా ఆహార చరిత్రను వేరే ప్రశ్నతో మొదలుపెట్టాను. ఏం తింటారని అడగడం మానేసి, మిమ్మల్ని చూడడానికి ఎవరెవరు వస్తారు, ఏం తెస్తారు అని అడిగేదాన్ని. తిన్నదాన్ని దాచుకున్న రోగులను వందలమందిని చూశాను. తనను చూడడానికి వచ్చినవాళ్లను తక్కువ చేసి చెప్పినవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు.